వదిన పెట్టిన టిక్కు

కొల్లేటికోట,
నవంబరు 9

పెర్సిస్ వదినకి మాణిక్యం వందనాలు.

ఫోనుండగా ఈ ఆడపడుచుకి ఉత్తరం రాసే సరదా ఎందుకు పుట్టిందా అనుకుంటున్నారు కదండీ. ఫోను ఉంది, మా ఆయన జేబులో, చేపల చెరువు గట్టు మీద. పొద్దున వెళ్ళిందంటే దీపాలు పెట్టాకే ఇంటికొస్తుంది. మొన్న మీరు ఫోన్లో "x స్క్వేర్ ప్లస్ సెవెన్ x" అని చెబుతుంటే ఊ కొట్టాను గానీ, ఒట్టు, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. లెక్క చెవితో వినేది కాదు వదినా, కంటితో చూసేది. అందుకే కవర్లు కొన్నాను.

సంగతి మీకు తెలిసిందే. తొమ్మిదేళ్ళుగా అంగన్‌వాడీలో ఆయాని. కుసుమ టీచరుగారు జూన్‌లో రిటైరవుతున్నారు. పదో తరగతి పాసైన ఆయా ఉంటే ఆ పోస్టు ముందు ఆ ఆయాకే అని సూపర్‌వైజరుగారు నా మొహం మీదే చెప్పారు. ఓపెన్ టెన్త్‌లో నాలుగు సబ్జెక్టులు గట్టెక్కాను. లెక్కల్లో పంతొమ్మిది వచ్చాయి. ముప్ఫై ఐదు కావాలి. మార్చిలో మళ్ళీ రాస్తాను. అప్పుడూ పోతే ఆ కుర్చీలో ఇంకెవరో వచ్చి కూర్చుంటారు, నేను ముసలిదాన్నయ్యేదాకా ఆయాగానే ఉంటాను.

ఆదివారం ఆరాధన మానేసి మరీ ఏలూరులో క్లాసులకి వెళుతున్నాను. కోదండరామయ్య సారు మంచివారే, కానీ అరవైమందిలో నా సందేహం ఎవరు వింటారు? వర్గ సమీకరణాలు తప్పకుండా వస్తాయని, అవి పట్టుకుంటే పాసేనని అన్నారు. మీరే నేర్పాలి. అసలు లెక్కలు ఎందుకు తీసుకున్నావే అని మాత్రం అడక్కండి.

మీ ఆడపడుచు
మాణిక్యం

తాడేపల్లిగూడెం,
నవంబరు 17

మాణిక్యానికి,

పోస్టుమాన్ కవరిచ్చి "మీకేనండీ" అంటే నమ్మలేదు. ఈ ఇంటికి నా పేరు మీద వచ్చేది గ్యాసు కాగితం ఒక్కటే. ట్యూషను పిల్లల్ని ఎక్కాలు చదవమని చెప్పి, నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను.

నేను ఈ ఇంటికొచ్చి పంతొమ్మిదేళ్ళు. నాకు లెక్కల్లో తొంభై ఆరు వచ్చాయని మీ అమ్మగారు చర్చిలో అందరికీ చెప్పేవారు గానీ, నాకూ నేర్పమని ఇంట్లో అడిగినవాళ్ళు లేరు. నువ్వడిగావు. చెబుతాను, నిదానంగా చదువు.

మీ ఆయన కాపలా కాసే చెరువులాంటిదే, కాకపోతే చిన్నది, ఒకటి అనుకో. పొడవు, వెడల్పు కంటే ఐదు మీటర్లు ఎక్కువ. విస్తీర్ణం ఎనభై నాలుగు చదరపు మీటర్లు. వెడల్పు మనకి తెలియదు కాబట్టి x అందాం. పొడవు x + 5. రెండూ గుణించి, ఎనభై నాలుగుని ఇటువైపు తెస్తే

x² + 5x − 84 = 0

ఇప్పుడు రెండు సంఖ్యలు వెతకాలి. గుణిస్తే మైనస్ ఎనభై నాలుగు, కలిపితే ఐదు. కంగారుపడకు. ఎనభై నాలుగుని ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో కాగితం మీద వేసుకుంటూ పో. పన్నెండు, మైనస్ ఏడు దగ్గర ఆగుతావు. అంటే (x + 12)(x − 7) = 0. మూలాలు మైనస్ పన్నెండు, ఏడు. మైనస్ పన్నెండు మీటర్ల వెడల్పున్న చెరువు కొల్లేట్లో కూడా ఉండదు గనక దాన్ని కొట్టెయ్. వెడల్పు ఏడు మీటర్లు.

వెనకవైపు పదిహేను లెక్కలు రాశాను. అన్నీ చేసి పంపు. తప్పులుంటే దిద్దుతాను, సిగ్గుపడకు.

నీ వదిన
పెర్సిస్

కొల్లేటికోట,
డిసెంబరు 2

వదినా! పదిహేనింటిలో పదమూడు చేసేశాను!

మీ ఉత్తరం చదివాక బుర్రలో లైటు వెలిగింది. కారణాంకాలు వెతకడానికి నాకో ఉపాయం తట్టింది. అంగన్‌వాడీలో పిల్లల గుడ్లు ముప్ఫై ఆరుంటే నేల మీద వరసలు పేర్చాను. నాలుగు వరసలైతే తొమ్మిదేసి, మూడు వరసలైతే పన్నెండేసి. ఏ వరస కుదిరితే అది కారణాంకం. కుసుమ టీచరుగారు చూసి, "ఏమే మాణిక్యం, పొదగడానికి కూర్చుంటావా ఏంటి?" అన్నారు. నవ్వలేక చచ్చాం.

ఇంకో కబురు. మొన్న శనివారం అన్నయ్య వచ్చాడు. మీతో చెప్పాడో లేదో. నాకు కొత్త జామెట్రీ బాక్సు, నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు, నల్ల పెన్నులు డజను తెచ్చాడు. "నువ్వు చదువుకో, వంట నేను చేస్తా" అని లుంగీ ఎగ్గట్టి చేపల పులుసు పెట్టాడు వదినా! ఉప్పు కాస్త ఎక్కువైంది గానీ, మా ఆయన నోరెళ్ళబెట్టి చూశాడు. "మా చెల్లి టీచరమ్మ అయితే నేను తలెత్తుకుని తిరుగుతా" అన్నాడు. మీరు ఎంత అదృష్టవంతులండీ, అలాంటి మనిషి దొరికాడు.

ఆదివారం క్లాసులో సారు బోర్డు మీద లెక్క వేసి ఎవరు చేస్తారంటే నేనే లేచాను. చాక్‌పీసు పట్టుకుని చివరిదాకా చేసేశాను. "ఎవరమ్మా నేర్పారు?" అన్నారు. మా అన్నయ్యగారింటి నుంచి వస్తాయండీ లెక్కలు అన్నాను. "మీ అన్నయ్యగారు గొప్ప లెక్కల మనిషే" అని అందరిముందూ మెచ్చుకున్నారు.

ఇక సూత్రం నేర్పండి. అన్ని లెక్కలకీ కారణాంకాలు కుదరవట, సూత్రం ఉంటే దేన్నయినా పట్టెయ్యొచ్చట.

మాణిక్యం

తాడేపల్లిగూడెం,
డిసెంబరు 15

మాణిక్యానికి,

మీ అన్నయ్య గొప్ప లెక్కల మనిషా. సంతోషం. రైసుమిల్లులో మోటార్లు విప్పి బిగించే మనిషికి x అంటే ఏమిటో తెలుసని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియనే లేదు. పులుసు పెట్టడం వచ్చని కూడా నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఇక్కడ మంచినీళ్ళ గ్లాసు కూడా నేనే అందించాలి.

జామెట్రీ బాక్సు ఏ కంపెనీది?

సరే, సూత్రం అడిగావు. ax² + bx + c = 0 అయితే, ముందు b² − 4ac కట్టు. దాన్ని విచక్షణి అంటారు. దాని వర్గమూలం తియ్. మైనస్ b రాసి, ప్లస్ లేదా మైనస్ అని ఆ వర్గమూలం రాసి, కింద 2a పెట్టు. అంతే.

2x² − 7x + 3 = 0 చేసి పంపు. ఇంట్లో పనెక్కువగా ఉంది. పొడుగ్గా రాయడానికి నాకెవరూ వంట చేసి పెట్టడం లేదు.

పెర్సిస్

కొల్లేటికోట,
జనవరి 6

వదినకి వందనాలు.

ఒంట్లో బాగోలేదా అండీ? మీ ఉత్తరం ఎందుకో ముభావంగా ఉంది. క్రిస్మస్‌కి వస్తారని ఎదురుచూశాను, అన్నయ్య ఒక్కడే కేకు పట్టుకుని వచ్చాడు.

మీరిచ్చిన లెక్క చేశాను. a అంటే 2, b అంటే మైనస్ 7, c అంటే 3. విచక్షణి నలభై తొమ్మిది మైనస్ ఇరవై నాలుగు, ఇరవై ఐదు. దాని వర్గమూలం ఐదు. ఇంతవరకూ నల్లేరు మీద బండి. ఆ తర్వాత కింద 2a పెట్టమన్నారు కదా, ఆ గీత ఎంతదాకా గీయాలో తెలియలేదు. 7 కిందనుంచి గీయాలా, ఒక్క 5 కిందనే గీయాలా? నేను 5 కిందనే గీశాను. అప్పుడు 7 ప్లస్ 5/4, 7 మైనస్ 5/4. జవాబులు 33/4, 23/4 వచ్చాయి. కాస్త వికారంగా ఉన్నాయి. సరేనా వదినా? కాగితం జత చేశాను, దిద్ది పంపండి.

బాక్సు కంపెనీ పేరు చెరిగిపోయింది. మీకు కావాలంటే పంపేస్తాను, నాకు వృత్తలేఖినితో పనే లేదు.

మాణిక్యం

తాడేపల్లిగూడెం,
జనవరి 14

మాణిక్యానికి,

నీ కాగితం చూశాను. టిక్కు పెట్టి పంపుతున్నాను. గీత నువ్వు గీసినట్టే గీయి.

మీ పుస్తకంలోవి ఇలాగే ఇంకో ఇరవై చెయ్. నాకు పంపక్కర్లేదు, నీకు వచ్చేసింది.

బాక్సు నాకెందుకు? నేనేం పరీక్షలు రాయాలి.

పెర్సిస్

కొల్లేటికోట,
ఫిబ్రవరి 7

వదినా,

ఒక్క సంగతి అడుగుతాను, కాదనకుండా జవాబు రాయండి.

మీరు టిక్కు పెట్టిన లెక్కే మా పుస్తకంలోనూ ఉంది, దానికి వెనక జవాబు 3, 1/2 అని ఉంది. నాకొచ్చినవి వేరు. ఇరవై లెక్కలూ చేశాను, ఒక్కటీ పుస్తకంతో కలవలేదు. మా వదిన టిక్కు పెట్టిందంటే అచ్చులోనే తప్పు పడి ఉంటుందనుకున్నాను. ఆదివారం క్లాసులో సారుతో అలాగే వాదించాను. "పుస్తకం తప్పండీ, మా ఇంట్లో చూసినవాళ్ళకి తొంభై ఆరు వచ్చాయండీ" అన్నాను. వెనక బెంచీలవాళ్ళు పకపకా నవ్వారు. నేనేం తగ్గలేదు.

సారు కాగితం తీసుకుని చూసి ఏదో అన్నారు. ఆయన మాట నాకక్కర్లేదు. మీరు చెప్పండి. గీత ఎంతదాకా?

పరీక్ష మార్చి ఇరవైన.

మాణిక్యం

తాడేపల్లిగూడెం,
మార్చి 11

మాణిక్యం,

నీ ఉత్తరాన్ని నెల్లాళ్ళు బీరువాలో చీరల కింద పెట్టాను. చీర తీసినప్పుడల్లా కనిపించేది. ఇక నావల్ల కాదు.

గీత 7 కిందనుంచి మొదలవ్వాలి. మైనస్ b, వర్గమూలం, రెండూ గీత పైనే ఉండాలి, మొత్తం కింద 2a. 7 ప్లస్ 5 పన్నెండు, నాలుగుతో భాగిస్తే 3. 7 మైనస్ 5 రెండు, నాలుగుతో భాగిస్తే 1/2. పుస్తకం కరెక్టు. నువ్వు గీసింది తప్పు. తప్పని తెలిసే నేను టిక్కు పెట్టాను.

ఇంకోటి. జవాబు వచ్చాక దాన్ని సమీకరణంలో x ఉన్నచోట పెట్టి చూడు. సున్నా రావాలి. మూడు పెడితే పద్దెనిమిది మైనస్ ఇరవై ఒకటి ప్లస్ మూడు, సున్నా. రాకపోతే ఎక్కడో తప్పినట్టు. ఇది నా ట్యూషనుకొచ్చే తొమ్మిదో క్లాసు పిల్లలకి కూడా చెబుతాను. నీకు చెప్పలేదు. చెబితే నన్ను పట్టేసుకుంటావని చెప్పలేదు.

ఎందుకు చేశావంటావు. కుళ్ళు. అంతకంటే మంచి మాట నా దగ్గర లేదు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం పాసై ఈ ఇంటికొచ్చాను. రెండో ఏడాది కడతానంటే మీ అన్నయ్య, "ఇప్పుడా చదువెందుకు, ఎవరికి చూపించాలి?" అన్నాడు. మళ్ళీ ఆరేళ్ళకి అడిగితే నవ్వాడు. మూడోసారి నేనే అడగలేదు. ఆ మనిషి నీకు పెన్నులు డజను కొన్నాడు. లుంగీ ఎగ్గట్టి పులుసు పెట్టాడు. నువ్వు నా లెక్క బోర్డు మీద చేసి, ఆయన్ని లెక్కల మనిషిని చేశావు. ఆ ఉత్తరం చదివిన రోజు అన్నం సయించలేదు మాణిక్యం. నువ్వు తప్పాలనిపించింది. నీ ఉద్యోగం పోతుందని తెలిసి కూడా తప్పాలనే అనిపించింది. ఆ కాగితం మీద ఎర్ర పెన్నుతో నిదానంగా టిక్కు పెట్టాను.

ఆదివారం చర్చిలో, మనసులో ఇది పెట్టుకుని రొట్టె ముట్టలేక, ప్రభురాత్రి భోజనం తీసుకోకుండా లేచి వచ్చేశాను. పాస్టరు అయ్యగారి భార్య ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

పరీక్ష బాగా రాయి. నన్ను క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. మీ అన్నయ్యకి ఈ ఉత్తరం చూపిస్తానంటే చూపించు.

పెర్సిస్

కొల్లేటికోట,
జూన్ 19

వదినకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. కోపం. మూడు నెలల కోపం. ఫోన్లో మీ గొంతు వినపడితే మా ఆయనకిచ్చేసేదాన్ని, మీకు తెలుసు.

మీ ఉత్తరం పరీక్షకి రెండు రోజుల ముందు అందింది. కానీ గీత సంగతి నాకు ఫిబ్రవరిలోనే తెలిసిపోయింది. సారు నా కాగితం చూసి, "ఇది మీ అన్నయ్యగారు దిద్దారా? ఎనిమిదో క్లాసు పిల్లాడు కూడా దీనికి టిక్కు పెట్టడమ్మా" అన్నారు. ఏలూరు బస్టాండులో రెండు బస్సులు వదిలేసి కూర్చుని ఏడ్చాను. మీరు పొరపాటు పడ్డారేమోనని, అడిగితే వెంటనే చెబుతారని ఆ ఉత్తరం రాశాను. నెల్లాళ్ళు పోస్టుమాన్ కోసం వాకిట్లో నిలబడ్డాను. ఆ నెల్లాళ్ళకే మీ మీద ఎక్కువ కోపం, టిక్కుకి కాదు.

మార్చిలో మీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కాను కూడా. అన్నయ్యకి చూపిద్దామనే. ఏలూరులో దిగిపోయాను. చూపిస్తే ఆయన మిమ్మల్ని తిడతాడు, మీకు డిగ్రీ వద్దన్నది తనేనన్న సంగతి మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించడు. అది నాకు నచ్చలేదు.

ఇప్పుడు నా సంగతి వినండి. ఓపెన్ టెన్త్‌లో లెక్కల బదులు హోమ్ సైన్స్ తీసుకోవచ్చు. నాతోటి ఆయాలందరూ అదే తీసుకుని హాయిగా పాసయ్యారు. నేను లెక్కలే తీసుకున్నాను. మీరు పెళ్ళై వచ్చినప్పుడు నాకు పద్దెనిమిది. అప్పటికే తొమ్మిదో క్లాసుతో చదువు మానేశాను. అమ్మ రోజూ పెర్సిస్‌కి తొంభై ఆరు, పెర్సిస్‌కి తొంభై ఆరు అనేది. కడిగిన గిన్నె చూపించి, "ఇది కూడా పెర్సిస్ లెక్కగా తోముతుంది" అనేది. నాకు మంట. ఇన్నేళ్ళ మంట. సారు ఎవరు నేర్పారంటే మీ పేరు నోటిదాకా వచ్చింది వదినా. కావాలనే మింగేసి అన్నయ్యగారిల్లు అన్నాను. ఇక్కడ కూడా పెర్సిసేనా అనిపించింది. అన్నయ్య పులుసు సంగతి కూడా మీకు గుచ్చుకుంటుందని కొంచెం తెలిసే రాశాను. కొంచెమే.

పాసయ్యాను. నలభై ఏడు. వర్గ సమీకరణం సూత్రంతోనే చేయమని వచ్చింది. గీత ఎంత పొడుగు గీశానంటే, ఇన్విజిలేటరుగారు, "ఏమ్మా, మార్జిను కొడుతున్నావా?" అన్నారు. జవాబు తిరిగి పెట్టి చూశాను, సున్నా వచ్చింది. నిన్ననే ఆర్డరు చేతికిచ్చారు. కుసుమ టీచరుగారు తాళాలు ఇస్తూ కౌగిలించుకున్నారు. మొన్న ఆదివారమే సారు దగ్గరికి స్వీట్లు పట్టుకెళ్ళి, నేర్పింది మా అన్నయ్య కాదండీ, మా వదిన పెర్సిస్ అని చెప్పాను. తప్పు నేర్పింది కూడా ఆవిడేనండీ అని చెప్పాను. రెండూ చెబితేనే నాకు మనసు తేలికైంది.

క్షమించానో లేదో ఇంకా తెలియదు. కానీ ఒకటి మాత్రం తెలుసు. మీరు ఈ ఇంటికొచ్చినప్పటినుంచి మిమ్మల్ని చూసి కుళ్ళుకోవడం నాకు అలవాటు. మీరు నన్ను చూసి కుళ్ళుకోవడం ఏమీ బాగోలేదు వదినా, లోకం తలకిందులైనట్టుంది. ఈ నెలాఖరులోగా డిగ్రీ రెండో సంవత్సరం కట్టండి. మీ మీద జాలేసి చెప్పడం లేదు. నా మంట నాకు కావాలి.

మాణిక్యం

ఏలూరు,
ఆగస్టు 9, రెండో శనివారం

మాణిక్యానికి,

ఈ ఉత్తరం దూరవిద్య క్లాసులు జరిగే కాలేజీ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. పాత మార్కుల కాగితాలు ఇప్పుడు చెల్లవన్నారు, మళ్ళీ మొదటి సంవత్సరం నుంచే కట్టించారు. మీ అన్నయ్యని అడగలేదు, కట్టాక చెప్పాను. మూడో రోజు, "క్లాసు ఎన్నింటికి?" అన్నాడు. అంతవరకే. పులుసు ఇంకా పెట్టలేదు.

మొదటి క్లాసు ఇవాళే అయింది. నలభై ఒక్క ఏళ్ళదాన్ని నేనొక్కదాన్నే. లెక్చరరు బోర్డు మీద లెక్క వేసి వెనక్కి తిరిగేలోపు నా పక్కనున్న పిల్ల చేసేసింది. పింకీ అట, ఇరవై కూడా నిండలేదు. మధ్యలో నాలుగు మెట్లు రాయనే లేదు, తిన్నగా జవాబు వేసేసింది. నేను రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాను. తొంభై ఆరు తెచ్చుకున్న పెర్సిస్‌ని, పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాను. నీకు దాచడమెందుకు, కుళ్ళుతో ఒళ్ళు భగ్గుమంది. ఆ పిల్ల ఎక్కడైనా తప్పి ఉంటే బాగుండునని ఆ కాగితం మొత్తం వెతికాను. ఎక్కడా తప్పలేదు.

గంట కొట్టారు. అందరూ లేచారు. నేను లేవలేదు. సిగ్గు చంపుకుని, "అమ్మాయ్, ఈ మెట్టు ఎలా వచ్చింది?" అని అడిగాను. టిఫిన్‌కి వెళ్ళబోయే పిల్ల బ్యాగు దించి మళ్ళీ కూర్చుంది. కొత్త కాగితం తీసుకుని మొదటినుంచి రాసింది. తను వదిలేసిన నాలుగు మెట్లూ రాసింది. "ఇక్కడ అందరూ తప్పుతారాంటీ, మైనస్ చూసుకోండి" అని దాని చుట్టూ సున్నా చుట్టింది. నాకు అర్థమైందో లేదో మొహంలోకి చూసి, ఇంకోసారి చెప్పింది.

ఆ పిల్లకి నేనెవరో కూడా తెలియదు మాణిక్యం. అంతా చెప్పింది.

నీ వదిన
పెర్సిస్